బొట్టు అయిందా?

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో వాన పడితే మా వంటింట్లో ఏటి బురద వాసన వస్తుంది. మా చుట్టుపక్కల ఏరూ లేదు, బురదా లేదు. వరసగా ఒకే రంగు ఇళ్ళు, ముందు కత్తిరించిన పచ్చిక, అంతే. వాసనంతా కిటికీ పక్కన పెట్టిన వెదురు బుట్టలోంచి వస్తుంది. తడిగాలి తగిలితే చాలు, ఇల్లంతా ఏటి ఒడ్డు చేసేస్తుంది. మా ఆయన సురేశ్ అందులో ఉల్లిపాయలు పోస్తాడు. "ఇంత మంచి బుట్టలో ఉల్లిపాయలేమిటి, నువ్వసలు మనిషివేనా?" అని మొదట్లో గొంతు చించుకున్నాను. ఆ బుట్ట అల్లినావిడకి ఈ సంగతి ఫిర్యాదులాగా చెబితే, ఆవిడ పకపకా నవ్వి, "మీ ఆయనకే బుట్ట అంటే ఏమిటో తెలుసు" అంది. అప్పటినుంచి ఈ ఇంట్లో ఆ విషయంలో నా మాట చెల్లడం లేదు.

ఇవాళ శనివారం. పొద్దున్నే వాన మొదలైంది, బుట్ట వాసన వేసింది, నాకు డార్లీన్ గుర్తొచ్చింది. బుట్ట అల్లింది డార్లీన్ కాదు. కానీ ఆ బుట్ట మా ఇంటికి రావడానికీ, నేను ఇవాళ ఈ ఉద్యోగంలో ఇలా ఉండడానికీ కారణం ఆవిడే. మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. అందుకే రాస్తున్నాను.

డార్లీన్ నా మొదటి బాస్. మోరిస్‌విల్ నుంచి కారులో గంటకు పైగా వెళ్తే, ఐటీ కంపెనీల అద్దాల మేడలు అయిపోయి పొగాకు చేలూ చిన్న చిన్న చర్చిలూ మొదలయ్యే వైపు, ఏటి ఒడ్డున ఒక చిన్న టౌన్ ఉంది. అక్కడి టౌన్ హాల్‌లో ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ ఆవిడది. డిపార్ట్‌మెంట్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఆవిడ, నేను, చెప్పిన మాట వినని ఒక ప్రింటర్. రోడ్డు ఎటు పోవాలి, పార్కు ఎక్కడ రావాలి, ఎవరి కంచె ఎవరి స్థలంలోకి జరిగింది, ఇవన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. భారీ మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకునేది. మోకాళ్ళ నొప్పులతో అటూ ఇటూ ఊగుతూ నడిచేది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేది. కళ్ళజోడు బల్ల ఎక్కిందంటే చచ్చామురా బాబూ అనుకునేదాన్ని. ఇక్కడ డార్లీన్ అని రాస్తున్నాను గానీ, ఎదురుగా ఎప్పుడూ 'మిస్ డార్లీన్' అనే అన్నాను. అమెరికా దక్షిణాది ఊళ్ళలో పెద్దవాళ్ళ పేరు ముందు మిస్ తగిలించాలి, పెళ్ళయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. మన 'గారు' అక్కడ పేరు వెనకనుంచి ముందుకొచ్చి కూర్చుందన్నమాట.

నేను ఖమ్మం నుంచి ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చి సిటీ ప్లానింగ్‌లో మాస్టర్స్ చేశాను. నా రూమ్మేట్లందరూ కంప్యూటర్సే. "అమెరికాలో సిటీలన్నీ ఎప్పుడో కట్టేశారు కదే, ఇంకా నువ్వేం ప్లాన్ చేస్తావు?" అని తెగ ఏడిపించేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక, ఆ టౌన్ పేరు వాళ్ళు మ్యాప్‌లో వెతుక్కోవలసి వచ్చింది. మొదటిరోజు డార్లీన్ నన్ను కూర్చోబెట్టి పేరడిగింది.

"అన్నపూర్ణ. అన్నా అని పిలవచ్చు," అన్నాను. యూనివర్సిటీలో అందరూ అలాగే పిలిచేవారు. మా సొంత తమ్ముడు కూడా నన్ను అన్నా అని పిలిచి ఎరగడు. ఆ బాధ వాళ్ళకేం తెలుసు!

"ఏమని పిలవచ్చో అడగలేదు హనీ. మీ అమ్మ ఏమని పిలుస్తుంది?"

"పూర్ణా అని."

ఆ 'ర్ణ' దగ్గర ఆవిడ నాలుక మడత పడింది. నేను ఫరవాలేదన్నాను. "నీకు ఫరవాలేదేమో, నాకుంది," అని ఆ వారమంతా కాఫీ కలుపుకుంటూ, ప్రింటర్‌ని కొడుతూ నా పేరే సాధన చేసింది. చివరికి పట్టేసింది. ఆ 'ణ' మా సురేశ్ కంటే డార్లీనే బాగా పలికేది. ఈ మాట సురేశ్ ముందు కూడా అన్నాను, తప్పేముంది.

నేను చేరిన కొత్తలోనే డార్లీన్ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు సెలవు పెట్టింది. ఆ సమయంలో టౌన్‌కి ఒక పెద్ద పని వచ్చింది. ఏటి ఒడ్డు వెంబడి నడకదారి. జనం నడవడానికి, సైకిళ్ళు తొక్కడానికి చక్కటి సిమెంటు బాట. రాష్ట్రం నుంచి గ్రాంట్ వచ్చింది, గడువులోగా పని మొదలుపెట్టాలి. బయటినుంచి వచ్చిన కన్సల్టెంట్లు మ్యాప్ గీశారు. మ్యాప్‌లో బాట ఒకచోట ఏరు దాటి అవతలి ఒడ్డెక్కుతుంది, అక్కడ ఆకుపచ్చ మరక, దానిమీద 'తుప్పలు, తొలగించాలి' అని ఉంది. ఆ ఏటికి అవతలి వైపు మూలవాసుల తెగ ఒకటి ఉంది. వాళ్ళకి సొంత ఆఫీసూ సొంత కౌన్సిలూ ఉన్నాయి, ఈ టౌన్ పుట్టకముందునుంచీ వాళ్ళు ఆ ఒడ్డునే ఉన్నారు. వాళ్ళ తెగ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనా అని వెళ్ళి అడిగాను. కథ చెప్పుకో, పేరు మాత్రం మా దగ్గరే ఉండనీ అన్నారు.

డార్లీన్ చేతికర్రతో ఆఫీసుకి తిరిగొచ్చిన రోజే ఫైల్ తెరిచింది.

"తెగవాళ్ళతో ఎవరు మాట్లాడారు?" అని అడిగింది.

"లెటర్ పంపారు మిస్ డార్లీన్. గడువులోపల జవాబు రాలేదు. అందుకని అభ్యంతరం లేదని రాసుకున్నారు."

"నేనడిగింది అది కాదు. ఎవరు మాట్లాడారు?"

"మాట్లాడలేదు."

కళ్ళజోడు బల్ల ఎక్కింది. "జవాబు రాకపోతే జవాబు రాలేదని రాయాలి. అభ్యంతరం లేదని ఎవడు రాయమన్నాడు?" అని ఆవిడ ఫైల్ మూసిన చప్పుడుకి, పక్క గదిలో నీటి బిల్లు కట్టడానికి వచ్చిన పెద్దాయన తలుపులోంచి తొంగి చూశాడు.

నాకు మాత్రం అందులో తప్పేమిటో సరిగ్గా అర్థం కాలేదు. చట్టం లెటర్ పంపమంది, పంపారు. ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్నకి చెప్పాను. ఆయన ఉద్యోగమంతా ఏజెన్సీ ఊళ్ళలో, రెవెన్యూలో గడిచింది. "గ్రామసభలు కూడా అంతే కదమ్మా. దండోరా వేయించేటోళ్ళం. ఎవరూ ఏమనకపోతే అందరూ ఒప్పుకున్నారని రాసేటోళ్ళం," అన్నారు. అని నవ్వబోయి ఆగిపోయారు. "వాళ్ళు మాట్లాడకపోవడానికి ఏం కారణాలుండేవో. అడిగినోళ్ళం కాదులే," అన్నారు. ఆ తర్వాత మాట వాతావరణం మీదికి మళ్ళించేశారు.

మొదటిసారి అవతలి ఒడ్డుకి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. డార్లీన్ ముందురోజే ఇంట్లో పౌండ్ కేక్ చేసింది. వెన్న వాసనతో ఆవిడ పాత పికప్ ట్రక్కు ఘుమఘుమలాడింది. నేను మ్యాప్‌లు చుట్ట చుట్టి తెచ్చుకున్నాను. "అవి ట్రక్కులోనే ఉండనీ," అంది. మేం వెళ్ళింది మిస్ వెర్నా ఇంటికి. ఆ తెగ కౌన్సిల్‌లో పెద్దావిడ, బుట్టలు అల్లుతుంది. సన్నగా, నిటారుగా, తక్కువ మాటలతో ఉంటుంది. వరండాలో కుర్చీలు వేసింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు ఇండియన్‌వా?"

"అవును మేడమ్."

"నేనూ ఇండియన్నే," అంది సీరియస్‌గా. ఒక క్షణం ఆగి, "కాకపోతే మేము ఓడలో వచ్చినవాడు చెబితే తెలుసుకున్నాం," అంది. డార్లీన్ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

మిస్ వెర్నా లోపలికెళ్ళి మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల కూర ప్లేట్లలో తెచ్చింది. నాకు ఆకలి దంచేస్తోంది. అయినా మన అలవాటు మనది కదా, "అయ్యో వద్దండీ, ఇప్పుడే తిన్నాను," అన్నాను. మరొక్కసారి అడుగుతారు, ఇంకొక్కసారి మొహమాట పడతాను, అప్పుడు తింటాను అనుకున్నాను. మిస్ వెర్నా "సరే," అని నా ప్లేటు పట్టుకెళ్ళి లోపల పెట్టేసింది! డార్లీన్ నా ఎదురుగా కూర్చుని రొట్టెతో ప్లేటు తుడుచుకుని మరీ తింది. నేను కడుపు పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ఎవరెవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో, ఏ చర్చిలో పాస్టర్ మారాడో, ఆ ఏడు పుచ్చకాయలెందుకు చప్పబడ్డాయో మాట్లాడుకున్నారు. మధ్యమధ్య ఇద్దరూ మాట్లాడకుండా ఏటివైపు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రమైంది. లేచి వచ్చేశాం.

ట్రక్కులో నేనింక ఆగలేకపోయాను. "మిస్ డార్లీన్, మనం అసలు విషయమే అడగలేదు!"

"మనం ఎందుకొచ్చామో ఆవిడకి తెలియదనుకున్నావా? ఒడ్డంతా నారింజ రంగు రిబ్బన్లు కట్టి పోయారు మనవాళ్ళు. ఆవిడ చూస్తున్నదల్లా, మళ్ళీ వస్తామా రామా అని. చూడు పూర్ణా, అడగడానికి వెళ్ళేముందు, అడగడానికేమీ లేనప్పుడు వెళ్ళి ఉండాలి."

"గడువు దగ్గరపడుతోంది కదా. లెటర్ వెళ్ళింది. చట్టం ప్రకారం అది చాలు కదా?" అని నేను గట్టిగానే వాదించాను. ఆకలి మీద ఉన్నాను, మర్యాద ఎక్కడిది!

ఆవిడ కోప్పడలేదు. కాసేపు డ్రైవ్ చేసి, "మీ ఊళ్ళో పెళ్ళికి ఎలా పిలుస్తారు? లెటర్ వేస్తారా?" అనడిగింది.

"కార్డు వేస్తారు. కానీ కార్డు పిలుపు కాదు," అన్నాను, ఎక్కడికి తీసుకెళ్తోందో చూసుకోకుండా. ఇంక చెప్పడం మొదలుపెట్టాను. మా అమ్మ కుంకుమభరిణె పట్టుకుని ఎండలో ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలిచేది. తాళం వేసి ఉంటే గడపకి బొట్టు పెట్టి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేది. మా పిన్ని పెళ్ళికి పెద్దమ్మగారింటికి కార్డు మాత్రం పోస్టులో వెళ్ళింది. బొట్టు పెట్టి పిలవడం ఎవరికి వారు ఇంకొకరు పిలిచారనుకుని వదిలేశారు. పెద్దమ్మ పక్క వీధిలోనే ఉండి, మేళం వినిపిస్తున్నా గుమ్మం దాటి రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రెండిళ్ళకీ మాటల్లేవు.

"కార్డు చేరింది కదా. ఆవిడ రానని జవాబు రాసిందా?" అంది డార్లీన్.

"ఎందుకు రాస్తుంది? అసలు పిలిస్తే కదా..." అని ఆగిపోయాను. డార్లీన్ ట్రక్కు పక్కకి తీసి ఆపింది. కడుపు పట్టుకుని నవ్వింది. "ఆ మాట మళ్ళీ చెప్పు. ఏం పెడతారు?"

"బొట్టు."

"బాటూ."

"బొట్టు!"

ఇంటికి చేరేలోపల పట్టేసింది. ఆ మర్నాటినుంచి మా ఆఫీసులో అది అధికార భాష అయి కూర్చుంది. ఏ ఫైల్ తీసినా, "వాళ్ళకి బొట్టు అయిందా?" ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి బొట్టు అయిందా, చర్చి వాళ్ళకి బొట్టు అయిందా, స్కూల్ వాళ్ళకి అయిందా. ప్రింటర్ బాగుచేసే అబ్బాయి రాకపోతే, "వాడికీ బొట్టు పెట్టాలేమో," అని గొణిగేది. పై ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ పేరనుకుని, లైసెన్స్ ఎంతవుతుందని నన్నడిగాడు.

తర్వాత చాలాసార్లు వెళ్ళాం. నేను మొహమాటం మానేసి పెట్టిందల్లా తినడం నేర్చుకున్నాను. ఒకరోజు మిస్ వెర్నా తనే లేచి, "పదండి, చూపిస్తాను," అని ఒడ్డుకి తీసుకెళ్ళింది. మ్యాప్‌లో తుప్పలన్న ఆకుపచ్చ మరక అదే. దగ్గరికి వెళ్తే అది వెదురు. మన వెదురంత లావు కాదు, వేలంత సన్నగా, మనిషికి రెండింతల ఎత్తున, గాలికి గలగలమంటూ ఉంది. ఏటి వెదురు అనుకోండి. వాళ్ళ బుట్టలు దాంతోనే అల్లుతారు. ఒకప్పుడు ఆ ఏటి పొడుగునా ఉండేదట. చేలకింద దున్నేసింది కొంత, డ్యామ్ నీళ్ళలో మునిగింది కొంత. మిగిలింది ఈ ఒక్క దిబ్బ. మా నడకదారి సరిగ్గా దాని మధ్యలోంచి పోతోంది.

మిస్ వెర్నా ఒక వెదురు పట్టుకుని వంచి చూసింది. "ఇది ఇంకా లేతది. వచ్చే ఏడుకి," అని వదిలేసింది. "మా అమ్మ నన్నిక్కడికే తెచ్చింది. ఏది కొయ్యాలో, ఏది కొయ్యకూడదో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. నోటితో చెప్పేది కాదు. నా మనవరాలికి ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది. ఇది పోతే నేను దానికి ఏం పట్టించి నేర్పను?" అంది.

అంతసేపూ నిటారుగా ఉన్న మనిషి ఆ వెదురునే పట్టుకుని నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా. "మరి లెటర్‌కి జవాబెందుకు రాయలేదండీ? వద్దని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా?" అన్నాను.

ఆవిడ నాకేసి చూసింది. "ఆ కాగితంలో ఏమడిగారు? మీకు అభ్యంతరమా అని. అమ్మాయ్, నువ్వు నా ఇంటికొచ్చి, నా మంచం ఎక్కడ జరపాలో నువ్వే నిర్ణయించి, అభ్యంతరమా అని గుమ్మంలోంచి కేకేస్తే నేనేమనాలి? అవునంటే ఇల్లు నీదని ఒప్పుకున్నట్టు, కాదంటే గొడవ పెట్టుకున్నట్టు. అందుకే ఊరుకున్నాను."

తిరిగొచ్చాం. టౌన్ హాల్ దగ్గర దిగుతూ డార్లీన్, "వచ్చే మీటింగ్‌కి వెర్నా ఇక్కడికి రాకూడదు. మైకు ముందు నిలబెట్టి, మూడు నిమిషాలకి బీప్ కొట్టి, థాంక్యూ మేడమ్ అంటారు. మేయరూ కౌన్సిలూ ఆ ఒడ్డుకి వెళ్ళాలి," అంది.

"మరి వాళ్ళకి కబురు పెట్టనా?" అన్నాను.

"ఆగాగు. బొట్టు ఎవరు పెడతారన్నావు, పిలిచేవాళ్ళా, వచ్చేవాళ్ళా?"

"పిలిచేవాళ్ళు."

"మరింకేం? వాళ్ళ ఒడ్డుకి మనల్ని మనం ఎలా పిలుచుకుంటాం? వెర్నా పిలవాలి. పిలుస్తావా అని మనం వెళ్ళి అడగాలి. పిలవనంటే అది ఆవిడ ఇష్టం."

అడిగాం. మిస్ వెర్నా రెండు వారాలు ఏమీ చెప్పలేదు. గడువు ముంచుకొస్తోంది. టౌన్ మేనేజర్ రోజూ మా గుమ్మంలో నిలబడి గడియారం చూసుకునేవాడు. ఇలాంటివి అలవాటు చేస్తే రేపు ప్రతివాళ్ళూ ఇంటికి రమ్మంటారని అతని బాధ. డార్లీన్ మాత్రం కేక్ చేసుకుంటూ కూర్చుంది. నేనైతే నిద్రాహారాలు మానేశాను. నా హెచ్-వన్ వీసా కాగితాలు కూడా అదే మేనేజర్ సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి మరి. ఒక సాయంత్రం మేయర్ తన హార్డ్‌వేర్ షాపు మూస్తుంటే మిస్ వెర్నా మనవరాలితో వచ్చి, ఎదురుగా నిలబడి, "శనివారం మా ఒడ్డుకి రా, భోజనం చేద్దువుగాని," అందట. కౌన్సిల్ మెంబర్లందరి ఇళ్ళకీ అలాగే వెళ్ళింది. ముఖాన పిలిస్తే రానని చెప్పే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. అందరూ వచ్చారు.

వెదురు దిబ్బ పక్కన బల్లలు వేశారు. అందరూ తిన్నారు. తర్వాత మేయర్ లేచి గొంతు సవరించుకుని, "నడకదారికి మీ అంగీకారం ఉన్నట్టేనా?" అని అడిగాడు. తెగ పెద్దలెవరూ మాట్లాడలేదు. గాలికి వెదురు గలగలమంది. ఎవరో దగ్గారు. మేయర్ ఇబ్బందిగా కదిలి, "అయితే దీన్ని మేము..." అనబోయాడు.

"లేదు సార్. దీన్ని మీరేమీ అనుకోవద్దు. కూర్చోండి," అంది డార్లీన్. నెమ్మదిగానే అంది. కళ్ళజోడు మాత్రం చేతిలో ఉంది.

మేయర్ కూర్చున్నాడు. ఎంతసేపైందో చెప్పలేను. నాకు మాత్రం ఒక యుగం గడిచినట్టుంది. చివరికి మిస్ వెర్నా లేవకుండానే మాట్లాడింది.

"మీరు మా మాట కోసం ఆగడం ఇదే మొదటిసారి. అందుకే చెబుతున్నాను. మీ పిల్లలు ఏరు చూడాలి, వద్దనను. మా పిల్లలూ నడుస్తారు. దారి పైనుంచి పోనివ్వండి, పాత బండి బాట వెంబడి. ఈ వెదురు జోలికి రాకండి. ఏటా దారి పక్కన గడ్డి కోసే ముందు ఒక మనిషి వచ్చి మమ్మల్ని అడగాలి. కాగితం కాదు. మనిషి."

కౌన్సిల్ ఒక్క ఓటు తేడాతో ఒప్పుకుంది. మ్యాప్ మళ్ళీ గీసేసరికి గ్రాంట్ గడువు దాటిపోయింది. ఆ ఏడాది దారి పడలేదు. తర్వాతి మీటింగ్‌లో జనం ఒకరి తర్వాత ఒకరు లేచి డార్లీన్‌ని కడిగేశారు. తుప్పల కోసం ఊరి డబ్బు పోగొట్టిందన్నారు. ఆవిడ చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళే ఆ మాటలన్నారు. ఆవిడ అందరివీ విని, రాసుకుని, థాంక్యూ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే, "మీరొక్క మాటైనా అనరేం?" అని ఆవిడ మీదే విరుచుకుపడ్డాను. ఆవిడ ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడి, "వాళ్ళకి నేను బొట్టు పెట్టలేదు పూర్ణా. అవతలి ఒడ్డుకే తిరిగాను, ఇవతలివాళ్ళ గడపలు మర్చిపోయాను. వాళ్ళ కోపంలో కాస్త న్యాయముంది," అంది. ఆ తర్వాతి నెలలంతా ఇవతలి ఇళ్ళకి కేకులు మోశాం. రెండో ఏడు వేరే గ్రాంట్ దొరికింది. దారి పైనుంచే పడింది. ప్రారంభం రోజు మిస్ వెర్నా నాకు బుట్ట ఇచ్చింది, దిబ్బలో కోసిన వెదురుతో అల్లింది. డార్లీన్‌కి అంతకుముందే ఇచ్చిందట. ఆవిడ అందులో కోడిగుడ్లు పెట్టుకునేది.

డార్లీన్ రిటైరయ్యాక ఏటా ఒడ్డుకి వెళ్ళి అడగడం నా పని అయింది. ఆవిడ జబ్బుపడి మంచం పట్టిన ఏడాది కూడా చూడ్డానికి వెళ్తే, మాట కూడబలుక్కుని మొదట అడిగింది అదే. "బొట్టు?" "అయింది మిస్ డార్లీన్, నిన్ననే వెళ్ళొచ్చాను," అన్నాను. "అడగడానికేనా, ఊరికేనా?" అంది. అడగడానికేనని ఒప్పుకున్నాను. కళ్ళజోడు కోసం పక్కబల్ల మీద తడుముకుంది. కోపం నటించడానికని తెలిసి నేనే అందించాను. ఇద్దరం నవ్వుకున్నాం. కిందటి చలికాలంలో పోయింది. ఆఫీసు నుంచి అందరికీ ఈమెయిల్ వచ్చింది, ఎప్పుడు, ఎక్కడ, పువ్వులకి బదులు ఏం పంపాలి అని. ఆ ఈమెయిల్ చూస్తూ బల్ల దగ్గర కూర్చుండిపోయాను. డార్లీన్ విషయంలో ఈమెయిలా అనిపించింది.

మర్నాడు మా ఇంటి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మిస్ వెర్నా. వెనక కారు తాళాలతో మనవరాలు. గంటకు పైగా ప్రయాణం చేసి వచ్చారు, ఫోన్ కూడా చెయ్యలేదు.

"ఆదివారం వెదురు దగ్గర కూర్చుని డార్లీన్‌ని తలుచుకుంటున్నాం. రావాలి," అంది నిలబడే. తర్వాత కాస్త తడబడింది. "మీ పద్ధతి డార్లీన్ చెప్పింది. ఆ ఎర్రటిది మా దగ్గర లేదు."

నేను లోపలికి పరుగెత్తి దేవుడి అరలోంచి కుంకుమభరిణె తెచ్చి మూత తీసి పట్టుకున్నాను. మిస్ వెర్నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మమ్మ కాలమైతే ఆ బొట్టుకి ఎన్ని అడ్డంకులు చెప్పేవారో. నా జన్మలో అంతకంటే నిండైన బొట్టు ఎవరూ పెట్టలేదు. వెదురు చీల్చి చీల్చి గట్టిపడ్డ వేలు అది, నుదుటి మీద గరుకుగా తగిలింది. బొట్టు కాస్త పక్కకి పడింది. నేను సరిచేసుకోలేదు. గుమ్మంలోనే ఆవిడ భుజం మీద తల పెట్టి బావురుమన్నాను. నేను ఆపేదాకా ఆవిడ అలాగే నిలబడింది.

మా ఆఫీసులో ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలున్నారు. ఈమెయిల్ పంపేశాం అంటారు. బొట్టు అయిందా అంటాను. మొదట్లో తెల్లబోతారు, తర్వాత కారు తాళాలు తీసుకుంటారు.

వాన తగ్గింది. ఉల్లిపాయలు తీసి గిన్నెలో పోశాను, సురేశ్ లేచాక గొడవ పెట్టుకుంటాడు, పెట్టుకోనీ. డార్లీన్ రాసిచ్చిన కొలతల ప్రకారమే చేశాను కేక్, అయినా ఆవిడ చేసినట్టు కుదరదు. బుట్టలో గుడ్డ పరిచి కేక్ పెట్టాను. గడ్డి కోతకి ఇంకా చాలా నెలలుంది. మిస్ వెర్నాని ఇవాళ అడగడానికేమీ లేదు. ఊరికే వెళ్తున్నాను.